చిన్న ప్రమాదం తర్వాత మళ్లీ స్టీరింగ్ పట్టేదెలా? బ్రేక్ ఎప్పుడు, ఎంత వేయాలి?

బంపర్‌కు పడిన సొట్టను గ్యారేజీలో ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. కారు నడిపిన మనిషిని పట్టుకున్న భయం మాత్రం అంత తొందరగా వదలదు. ఎవరికీ దెబ్బలు తగలకపోయినా, కొన్ని వారాల పాటు తాళం చేతిలోకి తీసుకోవడానికే వెనకాడేవారు చాలామంది. ఇంకొందరు ధైర్యం చేసి రోడ్డెక్కుతారు కానీ, ముందున్న బండి వెనక ఎర్ర లైటు వెలిగితే చాలు ఒక్కసారిగా బ్రేక్ తొక్కేస్తారు. కారు ఇంటి దగ్గరే ఉంటే ఎవరికీ ప్రమాదం లేదు. భయంతో కొట్టే సడెన్ బ్రేక్ మాత్రం రెండో ప్రమాదానికి దారి తీస్తుంది.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో డ్రైవింగ్ అంటే ఒకే రకం రోడ్డు కాదు. మంచిర్యాల నుంచి రెబ్బెన, ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా మహారాష్ట్ర సరిహద్దుకు వెళ్లే 363వ నంబరు జాతీయ రహదారిపై వేగం ఎక్కువ. ఉట్నూర్ వైపు వెళ్తే కెరమెరి ఘాట్ మలుపులు వస్తాయి. లోపలి మండలాల్లో ఇరుకు రోడ్లు, వాగులపై లోలెవల్ వంతెనలు, రోడ్డు మీదే పడుకునే పశువులు. ఒక చోట పనికొచ్చే బ్రేకింగ్ ఇంకో చోట పనికిరాదు. అందుకే చిన్న ప్రమాదం జరిగాక ఏం చేయాలి, బ్రేక్ ఎలా వేయాలి, పోయిన ధైర్యాన్ని ఎలా తెచ్చుకోవాలి అన్నది వరుసగా చూద్దాం.

ప్రమాదం జరిగిన వెంటనే చట్టం ఏం చేయమంటోంది?

తగిలింది చిన్నగానే కదా అని ఆగకుండా వెళ్లిపోకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 132 ప్రకారం మనిషికి, పశువుకు, ఇంకో వాహనానికి లేదా ఆస్తికి నష్టం జరిగితే డ్రైవర్ బండి ఆపాలి. నష్టపోయిన వ్యక్తి అడిగితే పేరు, చిరునామా చెప్పాలి. ఈ పశువుల జాబితాలో ఆవులు, ఎద్దులతో పాటు గొర్రెలు, మేకలు కూడా ఉన్నాయి. కాబట్టి మేకకు తగిలి వెళ్లిపోయినా చట్టం దృష్టిలో తప్పే.

ఎవరికైనా గాయమైతే సెక్షన్ 134 వర్తిస్తుంది. గాయపడిన వ్యక్తికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత. పోలీసులు అక్కడ లేకపోతే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో జరిగింది చెప్పాలి. బీమా కంపెనీకి కూడా సమాచారం ఇవ్వాలి. జనం గుమిగూడి కొట్టే పరిస్థితి ఉంటే అక్కడ నిలబడాల్సిన పని లేదు. నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లడం మంచిది.

గాయపడిన వారి వైద్యం ఖర్చు గురించి తెలుసుకోవాల్సిన విషయం ఇంకోటి ఉంది. 2025 మే 5న కేంద్రం నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో చికిత్స అందుతుంది.

మీకు ఏమీ కాలేదనిపించినా ఆ రోజంతా శరీరాన్ని గమనించుకోండి. వెనక నుంచి గుద్దినప్పుడు మెడ ఒక్కసారిగా ఊగుతుంది. ఆ నొప్పి చాలాసార్లు మరుసటి రోజు గానీ బయటపడదు. తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం, చేతుల్లో తిమ్మిరి ఉంటే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

బీమా క్లెయిమ్ చేయాలా, వద్దా?

ఇది లెక్క చూసుకుని తీసుకోవాల్సిన నిర్ణయం. ఏడాది పాటు క్లెయిమ్ చేయకపోతే సొంత వాహన నష్టం ప్రీమియంపై 20 శాతం తగ్గింపు వస్తుంది. దీన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. ఒక్క క్లెయిమ్‌తో సాధారణంగా ఈ తగ్గింపు సున్నాకు పడిపోతుంది. ఉదాహరణకు మీ సొంత నష్టం ప్రీమియం రూ.8,000, బోనస్ 35 శాతం అనుకుందాం. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది రూ.2,800 తగ్గింపు పోతుంది. ఆ తర్వాతి ఏళ్లలోనూ మళ్లీ కింది మెట్టు నుంచే మొదలవుతుంది. సొట్ట తీయించడానికి రూ.2,000 అయ్యేటట్లయితే జేబులోంచి పెట్టుకోవడమే నయం. హెడ్‌లైట్, రేడియేటర్, బానెట్ దాకా దెబ్బ తగిలితే క్లెయిమ్ చేయడమే మేలు.

అవతలి వారికి గాయమైనా, వారి ఆస్తికి నష్టం జరిగినా మాత్రం ఈ లెక్కలు పెట్టుకోవద్దు. బీమా కంపెనీకి వెంటనే తెలియజేయండి. బండ్లను పక్కకు తీసే ముందు రెండు వాహనాలు, నంబరు ప్లేట్లు, రోడ్డు కనిపించేలా నాలుగు ఫొటోలు తీసుకుంటే తర్వాత వాదనలు తగ్గుతాయి.

కారును మళ్లీ నడిపే ముందు ఏమేం చూడాలి?

భయం పోవాలంటే ముందు బండి మీద నమ్మకం కుదరాలి. మెకానిక్‌తో ఈ కింది వాటిని పరీక్ష చేయించండి.

బ్రేక్ పెడల్ తొక్కితే గట్టిగా తగలాలి. మెత్తగా లోపలికి పోతుంటే పైపుల్లో గాలి చేరి ఉండవచ్చు, లేదా ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతూ ఉండవచ్చు. బ్రేక్ వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంటే బ్రేకుల్లోనో, చక్రాల అలైన్‌మెంట్‌లోనో తేడా ఉన్నట్టు. ఇంజిన్ స్టార్ట్ చేశాక డ్యాష్‌బోర్డుపై ఏబీఎస్ లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంటే ఆ వ్యవస్థ పనిచేయడం లేదని అర్థం. మామూలు బ్రేక్ పడుతుంది కానీ, గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు పట్టేసి జారే ప్రమాదం ఉంటుంది.

వెనక నుంచి తగిలిన ప్రమాదమైతే బ్రేక్ లైట్లు తప్పకుండా చూడాలి. మీరు ఎంత నెమ్మదిగా బ్రేక్ వేసినా, ఆ లైటు వెలగకపోతే వెనక వచ్చేవారికి తెలియదు. టైర్ల గాడులు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు ఉండాలన్నది నిబంధన. వానాకాలానికి అంతకంటే ఎక్కువే ఉండాలి.

డ్రైవర్ కాళ్ల దగ్గర కూడా ఓసారి చూడండి. దొర్లే నీళ్ల సీసా బ్రేక్ పెడల్ కిందకు చేరితే ఎంత తొక్కినా బ్రేక్ పడదు. జారే మ్యాట్, వదులు చెప్పులు కూడా అంతే ప్రమాదం.

బ్రేక్ వేసిన చోటే కారు ఎందుకు ఆగదు?

ప్రమాదం తర్వాత చాలామంది అనే మాట ఒకటే, 'బ్రేక్ వేశాను కానీ ఆగలేదు'. చాలా సందర్భాల్లో బ్రేక్ బాగానే పనిచేసి ఉంటుంది. సరిపోయేంత దూరమే ఉండదు.

కారు ఆగడంలో రెండు భాగాలున్నాయి. కంటికి ప్రమాదం కనిపించి, కాలు బ్రేక్ మీదకు వెళ్లేదాకా పట్టే సమయం మొదటిది. బ్రేక్ పడ్డాక కారు పూర్తిగా నిలబడేదాకా సాగే దూరం రెండోది. కాలు కదలడానికి ఒకటిన్నర సెకను పడుతుందని, రోడ్డు పొడిగా ఉందని, బ్రేకులు, టైర్లు బాగున్నాయని అనుకుని లెక్క వేస్తే ఇలా వస్తుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సుమారు 26 మీటర్లు.
గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సుమారు 45 మీటర్లు.
గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సుమారు 68 మీటర్లు.

వేగం 40 నుంచి 80కి రెట్టింపు అయితే, ఒక్క బ్రేక్ వేశాక సాగే దూరమే నాలుగు రెట్లు అవుతుంది. వానకు తడిసిన రోడ్డుపై 60 వేగంలోనే ఆగడానికి దాదాపు 60 మీటర్లు కావాలి. ఆ 60 వేగంలో, కాలు బ్రేక్‌ను తాకకముందే కారు 25 మీటర్లు వెళ్లిపోతుంది. ఎంత బలంగా తొక్కినా ఆ 25 మీటర్లు వెనక్కి రావు. వాటిని ముందే వదిలిపెట్టుకోవాలి.

దీనికో తేలిక పద్ధతి ఉంది. ముందు వెళ్తున్న బండి ఏదైనా కరెంటు స్తంభాన్ని దాటగానే 'నూటొకటి, నూటరెండు' అని మామూలు వేగంతో లెక్కపెట్టండి. లెక్క పూర్తయ్యేలోపే మీరు ఆ స్తంభాన్ని చేరితే దగ్గరగా వెళ్తున్నట్టు. కనీసం రెండు సెకన్ల దూరం ఉండాలి. వాన, మంచు, రాత్రి వేళల్లో నాలుగు సెకన్లు పాటించాలి. మధ్యలో ఎవరో దూరిపోతారని చాలామంది దూరం వదలరు. దూరితే మళ్లీ కొంచెం వెనక్కి తగ్గండి. అంతకుమించి పోయేదేమీ లేదు.

సడెన్ బ్రేక్ కొడితే తప్పు ఎవరిది?

వెనక నుంచి వచ్చి గుద్దినవాడిదే ఎప్పుడూ తప్పు అన్నది మన దగ్గర బలంగా ఉన్న నమ్మకం. 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ విషయంలో అందరూ తెలుసుకోదగ్గది.

2017 జనవరిలో తమిళనాడులోని కోయంబత్తూరులో ఒక ఇంజినీరింగ్ విద్యార్థి బైక్‌పై వెళ్తున్నాడు. ముందున్న కారు హైవేపై ఒక్కసారిగా ఆగింది. బైక్ కారును గుద్దుకుని అతను పడిపోయాడు. వెనక వచ్చిన బస్సు అతని మీదుగా వెళ్లింది. ఎడమ కాలు తీసేయాల్సి వచ్చింది. గర్భిణి అయిన తన భార్యకు వాంతి వచ్చేలా ఉండటంతో ఆపానని కారు డ్రైవర్ చెప్పారు. వేగంగా వాహనాలు వెళ్లే హైవేపై వెనకవారికి ఏ సంకేతమూ ఇవ్వకుండా ఆపడం నిర్లక్ష్యమేనని కోర్టు తేల్చింది. బాధ్యతలో 50 శాతం కారు డ్రైవర్‌ది, 30 శాతం బస్సు డ్రైవర్‌ది అని చెప్పింది. ముందు వాహనానికి తగినంత దూరం పాటించనందుకు, చెల్లుబాటయ్యే లైసెన్సు లేనందుకు మిగతా 20 శాతం ఆ యువకుడిదేనని పేర్కొంది.

ఈ తీర్పులో రెండు పాఠాలున్నాయి. ముందున్నవారు చెప్పకుండా ఆపకూడదు. వెనకున్నవారు ఆగలేనంత దగ్గరగా రాకూడదు. ఆపాల్సి వస్తే అద్దంలో వెనక చూసి, ఎడమ ఇండికేటర్ వేసి, వేగం తగ్గిస్తూ రోడ్డు అంచుకు వచ్చి ఆగాలి. ఆగాక నాలుగు ఇండికేటర్లూ వెలిగేలా హజార్డ్ లైట్లు వేయాలి.

బ్రేక్ సరిగ్గా వేయడం ఎలా?

కూర్చోవడంతోనే మొదలుపెట్టాలి. బ్రేక్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండేలా సీటు జరుపుకోండి. మడమ నేల మీదే ఉంచి పాదం ముందు భాగంతో తొక్కాలి. యాక్సిలరేటర్, బ్రేక్ రెండింటికీ కుడి కాలే వాడాలి. ఆటోమేటిక్ కారులోనూ ఎడమ కాలికి పని లేదు.

మామూలుగా ఆగేటప్పుడు మూడు దశలుంటాయి. ముందు యాక్సిలరేటర్ వదలాలి, అద్దంలో చూడాలి. తర్వాత బ్రేక్‌ను తేలిగ్గా తాకాలి. దీంతో వెనక లైటు వెలిగి వెనకవారికి కబురు అందుతుంది. ఆ తర్వాత ఒత్తిడి పెంచాలి. కారు నిలబడబోయే ముందు కాస్త సడలిస్తే కుదుపు ఉండదు. క్లచ్‌ను చివర్లో, ఇంజిన్ ఆగిపోయేలా అనిపించినప్పుడు తొక్కితే చాలు. కంగారులో ముందే క్లచ్ తొక్కేస్తే ఇంజిన్ పట్టు పోయి కారు మరింత దూరం వెళ్తుంది.

అత్యవసరంగా ఆపాల్సి వస్తే పద్ధతి వేరు. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే కొత్త కార్లకు ఏబీఎస్ తప్పనిసరి. ఈ కార్లలో బ్రేక్‌ను గట్టిగా, పూర్తిగా తొక్కి అలాగే పట్టుకోవాలి. పెడల్ కాలి కింద గడగడా వణుకుతుంది, చప్పుడు వస్తుంది. బ్రేక్ చెడిపోయిందనుకుని చాలామంది అప్పుడే కాలు తీసేస్తారు. ఆ వణుకు ఏబీఎస్ పనిచేస్తోందనడానికి గుర్తు. చక్రాలు పట్టేయకుండా చూస్తుంది కాబట్టి బ్రేక్ తొక్కి ఉంచే స్టీరింగ్ తిప్పి అడ్డును తప్పించుకోవచ్చు. ఏబీఎస్ లేని పాత కారులో చక్రాలు పట్టేసి జారుతున్నట్టు అనిపిస్తే బ్రేక్‌ను కాస్త వదిలి మళ్లీ తొక్కాలి.

ఏబీఎస్ ఉంది కదా అని దూరం తగ్గించుకోవద్దు. కంకర తేలిన రోడ్డుపై, ఇసుకపై ఏబీఎస్ ఉన్న కారు కూడా ఎక్కువ దూరం పోయే ఆగుతుంది.

కెరమెరి ఘాట్ దిగేటప్పుడు జాగ్రత్తలేంటి?

దిగువకు వెళ్తున్నంతసేపూ బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచితే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఎక్కడానికి ఏ గేరు వాడతామో దిగడానికీ అదే గేరు అన్నది పాత డ్రైవర్లు చెప్పే సూత్రం. రెండో గేరులోనో, మూడో గేరులోనో ఉంచితే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేక్ మలుపుకు ముందే వేసి, మలుపులో వదిలేయాలి. ఆటోమేటిక్ కార్లలో మాన్యువల్ మోడ్‌గానీ, 'ఎల్' గానీ వాడాలి.

పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దిగడం, ఇంజిన్ ఆపేయడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. ఇంజిన్ ఆగితే బ్రేక్‌కు అందే సాయం పోయి పెడల్ బిగుసుకుపోతుంది. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికి దారి ఇవ్వాలి. మధ్యలో కాలుతున్న వాసన వస్తే వెడల్పైన చోట పక్కకు ఆపి, బ్రేకులు చల్లారనివ్వండి. చక్రాలపై నీళ్లు పోయొద్దు.

ఇక్కడి రోడ్లపై ఏ కాలంలో ఏం చూసుకోవాలి?

తొలకరి వాన పడ్డప్పుడు రోడ్డు మీది దుమ్ము, నూనె కలిసి జారుడుగా మారతాయి. లోలెవల్ వంతెనపై నీళ్లు పారుతుంటే దాటే ప్రయత్నం చేయొద్దు. నిలిచిన నీళ్లలోంచి వచ్చాక కాసేపు నెమ్మదిగా వెళ్తూ బ్రేక్‌ను రెండు మూడు సార్లు తేలిగ్గా నొక్కితే తడి ఆరుతుంది.

కోతల కాలంలో రోడ్డుపై ఆరబోసిన వడ్లు, మక్కల మీద బ్రేక్ కొడితే టైరు జారుతుంది. కుప్ప కనిపించగానే, దాని మీదకు చేరకముందే వేగం తగ్గించాలి. పత్తి సీజన్‌లో వెనక లైట్లు లేని ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు చీకట్లో హఠాత్తుగా ఎదురవుతాయి. చలికాలం తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు లో బీమ్ లైట్లే వాడాలి. హై బీమ్ వేస్తే మంచే మెరిసి ముందు ఏమీ కనిపించదు. కనిపించినంత దూరంలో ఆగగలిగే వేగమే సరైన వేగం.

పోయిన ధైర్యం మళ్లీ ఎలా వస్తుంది?

భయం పూర్తిగా పోయాక నడుపుదాంలే అనుకుంటే అది పోదు. తప్పించుకున్న ప్రతిసారీ ఆ భయం ఇంకొంచెం బలపడుతుంది. అలాగని మరుసటి రోజే హైవే ఎక్కి తేల్చుకోవాల్సిన అవసరమూ లేదు. మానసిక వైద్యులు ఇలాంటి భయాలకు వాడే పద్ధతి ఒక్కో మెట్టు ఎక్కించడం. తేలిక పనితో మొదలుపెట్టి, అది అలవాటయ్యాకే తర్వాతి దానికి వెళ్లాలి.

మొదటి మెట్టు: కారులో కూర్చోండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, సీటు, అద్దాలు సరిచేసుకుని పది నిమిషాలు ఉండండి. నడపక్కర్లేదు.

రెండో మెట్టు: జనం, పశువులు లేని ఖాళీ మైదానంలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్లి, ముందే పెట్టుకున్న గుర్తు దగ్గర మెత్తగా ఆగండి. ఇలా పదిసార్లు చేయండి. తర్వాత 30, ఆపై 40 వేగంతో. సీటు బెల్టు పెట్టుకుని, వెనక ఎవరూ లేరని చూసుకుని, ఒకటి రెండు సార్లు బ్రేక్ పూర్తిగా తొక్కి చూడండి. ఏబీఎస్ వణుకు ఒకసారి కాలికి తెలిస్తే అవసరమైన రోజు కంగారు ఉండదు.

మూడో మెట్టు: ఆదివారం ఉదయం రద్దీ లేని వేళ తెలిసిన వీధుల్లో పావుగంట.

నాలుగో మెట్టు: పట్టణంలో మామూలు రద్దీలో, బస్టాండు, మార్కెట్ వైపు.

ఐదో మెట్టు: పగటి పూట జాతీయ రహదారిపై ఒక ఊరి దాకా వెళ్లి రావడం. ఎడమ లేన్‌లో, మీకు వీలైన వేగంతో.

ఆరో మెట్టు: ప్రమాదం జరిగిన చోటు. ముందు పక్క సీట్లో కూర్చుని, తర్వాత మీరే నడుపుతూ దాటండి. ఘాట్, రాత్రి ప్రయాణం, వాన అన్నిటికంటే చివర.

ఒక మెట్టు దగ్గర గుండె దడ తగ్గి, విసుగనిపించేదాకా అక్కడే ఉండండి. ఒకరికి వారం పట్టవచ్చు, ఇంకొకరికి రెండు నెలలు. దడ మొదలైతే రోడ్డు మధ్యలో ఆగకుండా, ఇండికేటర్ వేసి పక్కకు తీసి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ ఐదు నిమిషాలు కూర్చోండి. ఆ తర్వాత ఇంటికి తిరిగొచ్చేయకుండా కొంచెం దూరమైనా ముందుకు వెళ్లి రండి.

పక్కన ఎవరు కూర్చున్నారన్నది కూడా ముఖ్యమే. 'అరే చూడు, బ్రేక్ వెయ్' అని అరిచేవారు వద్దు. ఇంట్లో అలాంటివారే ఉంటే డ్రైవింగ్ స్కూల్‌లో కొన్ని క్లాసులు తీసుకోవడం మేలు. నిబంధనల ప్రకారం శిక్షణ కార్లలో శిక్షకుడి కాళ్ల దగ్గర కూడా బ్రేక్ ఉంటుంది. ఆ ఒక్క ధైర్యమే సగం భయాన్ని తీసేస్తుంది. లైసెన్సు ఉన్నవాళ్లు మళ్లీ నేర్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు. భయంతో ఏళ్ల తరబడి కారు పక్కన పెట్టినవారు లైసెన్సు గడువు కూడా చూసుకోవాలి. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఇవ్వాల్సి ఉంటుంది.

భయానికి వైద్యుడి సాయం ఎప్పుడు కావాలి?

మొదటి రెండు మూడు వారాలు నిద్ర సరిగ్గా పట్టకపోవడం, హారన్ వింటే ఉలిక్కిపడటం మామూలే. నెల దాటినా ప్రమాదం కళ్ల ముందు మెదులుతుంటే, పీడకలలు వస్తుంటే, బస్సు ఎక్కాలన్నా భయమేస్తుంటే సాయం తీసుకోవాలి. కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుతుంది. తెలుగులోనే మాట్లాడవచ్చు. నేరుగా వైద్యుడిని కలవాలంటే ఆదిలాబాద్ రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. నిద్ర మాత్రలు, కొన్ని నొప్పి మాత్రలు మత్తు కలిగిస్తాయి. అవి వాడుతున్న రోజుల్లో నడపవచ్చా లేదా అని వైద్యుడిని అడగండి.

ఫోన్‌లో ఉండాల్సిన నంబర్లు

అత్యవసర సాయం, పోలీసులకు 112. అంబులెన్స్‌కు 108. జాతీయ రహదారిపై సాయానికి 1033. మానసిక ఆరోగ్య సలహాకు 14416. వీటితో పాటు మీ బీమా కంపెనీ నంబరు, పాలసీ నంబరు ఒక కాగితంపై రాసి కారులోనే ఉంచండి. ప్రమాదం జరిగినప్పుడు ఫోన్ పగిలినా ఆ కాగితం పనికొస్తుంది.